75 కిలోవాట్ల బ్లోయరు డ్రైవు ట్రిప్పులు: ప్రాజెక్టు డైరీ

సోమవారం

రెండు బ్లోయర్లు ఒకే హెడ్డరు పైపులోకి గాలిని తోస్తాయి. తోసిన గాలి వెనక్కి రాకుండా ప్రతిదాని డిశ్చార్జి వైపున ఒక నాన్‌రిటర్న్ డ్యాంపరు ఉంది. మామూలుగా ఒకటి నడుస్తుంటే మరొకటి సిద్ధంగా ఆగి ఉంటుంది. ఫిర్యాదు రెండవ బ్లోయరు మీద వచ్చింది. దాని మోటారు 75 కిలోవాట్ల ఇండక్షన్ మోటారు. 415 వోల్టులు, 50 హెర్ట్జ్, నాలుగు పోల్స్, 1,480 ఆర్‌పీఎం, 130 ఆంపియర్లు. మోటారును కప్లింగుతో నేరుగా సెంట్రిఫ్యూగల్ ఫ్యానుకు బిగించారు. మోటారుకు ఇచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి దాని వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరమే డ్రైవు; అది ప్యానెల్ గదిలో ఉంది. అక్కడినుంచి మోటారు దాకా కేబులు సుమారు 60 మీటర్లు.

ఫిర్యాదు పుస్తకంలో రాసినది ఒక్క ముక్కే: "స్టార్ట్ ఇస్తే డ్రైవు ట్రిప్ అవుతోంది." అంటే ఏదో తేడా గుర్తించి తనంతట తానే ఆగిపోతోంది. ఆపరేటర్లను అడిగితే మరికొంత తెలిసింది. "పొద్దున పూట మొండికేస్తుంది సార్, రెండు మూడుసార్లు రీసెట్ కొడితే లొంగుతుంది" అన్నారు. ఇంతకు ముందు చూసినవారు యాక్సిలరేషన్ సమయాన్ని (మోటారును పూర్తి వేగానికి తెచ్చే సమయాన్ని) 20 సెకన్ల నుంచి 60 సెకన్లకు పెంచి, కంట్రోల్ కార్డును కూడా మార్చి వెళ్లారు. ట్రిప్పులు మాత్రం తగ్గలేదు.

డ్రైవు తెర మీద కనిపించే ఫాల్టు పేరు, డ్రైవుకు బాధ ఎక్కడ తగిలిందో చెబుతుంది. రోగం ఎక్కడుందో చెప్పదు. ఓవర్‌కరెంట్ అని పడినంత మాత్రాన మోటారు కాలిందనీ, గ్రౌండ్ ఫాల్ట్ (కరెంటు ఎర్తులోకి కారడం) అని పడినంత మాత్రాన వైండింగు (మోటారు లోపలి తీగచుట్టు) ఎర్తు అయిందనీ అనుకోవలసిన పని లేదు. అందుకే రీసెట్ బటన్ ముట్టుకోకముందే డ్రైవు జ్ఞాపకంలో ఉన్న ఫాల్టు చరిత్రను, ఒక్కొక్క ఫాల్టు క్షణంలో నమోదైన ఫ్రీక్వెన్సీ, కరెంటు, డీసీ బస్ (డ్రైవు లోపల సప్లయిని డీసీగా మార్చి నిలిపే చోటు) వోల్టేజీలతో సహా కాగితం మీదికి ఎక్కించాను. కంట్రోల్ కార్డు మార్చినప్పుడు పాత చరిత్ర పోయింది గానీ, ఆ తర్వాత చేరినదే సరిపడా ఉంది.

చరిత్రలో మూడు రకాలు కనిపించాయి. గ్రౌండ్ ఫాల్టులన్నీ స్టార్ట్ ఇచ్చిన వెంటనే, అవుట్‌పుట్ ఇంకా 1 హెర్ట్జ్‌కు కూడా చేరకముందే పడ్డాయి. ఓవర్‌కరెంట్ ట్రిప్పులు 3 నుంచి 6 హెర్ట్జ్ మధ్యలో, 265 ఆంపియర్లు దాటిన చోట పడ్డాయి. ఆ క్షణంలో డీసీ బస్ 570 వోల్టుల దగ్గర మామూలుగానే ఉంది. వీటితో ఏ సంబంధమూ లేనట్టు ఒకే ఒక ఓవర్‌వోల్టేజ్ ట్రిప్పు ఉంది; అందులో బస్ 800 వోల్టుల దాకా ఎగసింది.

ఈ సమయాలను ఆపరేటర్ల లాగ్ పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడగానే ఒక సంగతి బయటపడింది. గ్రౌండ్ ఫాల్టులు పడిన రోజుల్లో, అంతకు ముందు రాత్రంతా రెండు బ్లోయర్లూ ఆగి ఉన్నాయి. ఓవర్‌కరెంట్ పడిన ప్రతిసారీ మొదటి బ్లోయరు నడుస్తూ ఉంది. అంటే ఫిర్యాదు ఒకటే అయినా రోగాలు కనీసం రెండు. ఒకే కారణం కోసం వెతుక్కుంటూ పోతే ఒకదానికి చేసిన మందు మరొకదాని మీద పని చేయక, అన్నీ మార్చి చూసే దశకు వస్తాము. కంట్రోల్ కార్డు అలాగే మారి ఉంటుందని నా అనుమానం.

మంగళవారం

తనిఖీ క్రమం సప్లయితో మొదలుపెట్టి డ్రైవు, కేబులు, మోటారు, చివరికి ఫ్యాను దాకా పోవాలి. సప్లయి దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. లైను వోల్టేజీలు 412, 415, 409. సగటు 412, దాని నుంచి అత్యధిక తేడా 3. అంటే అసమతుల్యత 0.7 శాతం. ఇన్‌పుట్ కరెంట్లు 96, 104, 91 ఆంపియర్లు, అంటే దాదాపు 7 శాతం తేడా. వోల్టేజీలో ఉన్న చిన్న తేడా రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే భాగం) దగ్గర కరెంటులో పదింతలుగా కనిపించడం మామూలే కాబట్టి దీన్ని దోషంగా రాయలేదు. ఒక ఫ్యూజు క్లిప్పు మాత్రం పక్కవాటికంటే వేడిగా ఉంటే శుభ్రం చేసి బిగించాము. ఏదైనా ఫేజు నిజంగా పోయి ఉంటే డీసీ బస్ మీద 300 హెర్ట్జ్ రిపుల్‌కు (వోల్టేజీ అలకు) బదులు 100 హెర్ట్జ్ రిపుల్ పెద్దగా కనిపించేది, అలాంటిదేమీ లేదు.

తర్వాత డ్రైవును ఐసోలేట్ చేసి (సప్లయి నుంచి విడదీసి), తాళం వేసి, ట్యాగు కట్టాము. ఛార్జి దీపం ఆరిపోయింది కదా అని చేయి పెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఆ దీపం కూడా కాలిపోయే వస్తువే. తయారీదారు చెప్పిన నిరీక్షణ సమయం గడిచాక, ముందు మీటరును ఒక తెలిసిన సప్లయి మీద పరీక్షించి, పాజిటివ్, నెగటివ్ బస్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూసి, మళ్లీ అదే సప్లయి మీద మీటరు బతికే ఉందని నిర్ధారించుకున్నాము. మీటరు 4 వోల్టులు చూపింది. 415 వోల్టుల సప్లయిని డీసీగా మారిస్తే బస్ మీద శిఖర విలువ 587 వోల్టులు నిలుస్తుంది. అది నిండిన కెపాసిటర్ బ్యాంకు సప్లయి తీసేసిన తర్వాత కూడా మనిషిని తీసుకుపోగలదు.

మోటారు కేబుళ్లు విప్పి, మీటరును డయోడ్ స్థానంలో పెట్టి, నెగటివ్ బస్ నుంచి మూడు అవుట్‌పుట్ టెర్మినళ్లకు, మూడు అవుట్‌పుట్ల నుంచి పాజిటివ్ బస్‌కు చూశాము. ఆరు రీడింగులూ 0.38 నుంచి 0.40 వోల్టుల మధ్యనే ఉన్నాయి. తిరగేస్తే ఓపెన్ చూపించింది. ఐజీబీటీ మాడ్యూలు (అవుట్‌పుట్ పల్సులు పుట్టించే స్విచ్చులు) షార్టు అయి ఉంటే సున్నాకు దగ్గరగా, డయోడు తెగి ఉంటే రెండు వైపులా ఓపెన్‌గా వచ్చేది. ఆరు రీడింగులు ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉండటం ఏ ఒక్క అంకె కన్నా ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. ఈ పరీక్ష గేటు డ్రైవరు (ఆ స్విచ్చులను నడిపే సర్క్యూటు) బాగుందని చెప్పదు కాబట్టి, వోల్ట్స్ పర్ హెర్ట్జ్ (వోల్టేజీని ఫ్రీక్వెన్సీకి అనుపాతంలో ఇచ్చే) పద్ధతిలో, అవుట్‌పుట్ ఫేజ్ లాస్ రక్షణను తాత్కాలికంగా ఆపి, మోటారు లేకుండా డ్రైవును 50 హెర్ట్జ్ దాకా తీసుకెళ్లాము. ఏ ట్రిప్పూ లేదు. ఆపిన రక్షణను వెంటనే తిరిగి పెట్టి, పెట్టినట్టు పుస్తకంలో రాశాము. పరీక్ష కోసం ఆపిన రక్షణలు ఆపినట్టే మిగిలిపోవడం చాలా చోట్ల చూశాను.

హీట్‌సింకు రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును ఊదించాము. ట్రిప్పులకు అది కారణం కాదు గానీ, కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సగమవుతుంది కనుక విప్పినప్పుడే ఆ పని కానివ్వడం మేలు.

బుధవారం

రాత్రంతా రెండు బ్లోయర్లూ ఆపి ఉంచమని ముందే కోరాను. గ్రౌండ్ ఫాల్టు ఏ పరిస్థితిలో పడుతుందో ఆ పరిస్థితిలోనే కొలవాలి. మిట్టమధ్యాహ్నం కొలిస్తే అది మంచి మోటారుగానే కనిపిస్తుంది.

తెల్లవారగానే, డ్రైవు వైపు కేబుళ్లు విప్పి ఉండగా, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ రెసిస్టెన్సు కొలిచే మీటరుతో) కేబులు, మోటారు కలిపి ఎర్తుకు కొలిస్తే ఒక నిమిషం తర్వాత 0.8 మెగా ఓంలు వచ్చింది. డ్రైవు కలిసి ఉండగా మెగ్గర్ వేయకూడదని అందరికీ తెలుసు, కానీ ఎర్తుకు కలిపిన ఈఎంఐ (విద్యుదయస్కాంత అంతరాయం) ఫిల్టరు కెపాసిటర్లు ఉన్న చోట ఆ మరుపు డ్రైవుకే మరణశాసనం కనుక మళ్లీ రాస్తున్నాను. మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి కేబులును విడదీశాము. కేబులు ఒక్కటే 500 మెగా ఓంలకు పైన చూపించింది. మోటారు మాత్రం ఇంకా 0.8 దగ్గరే ఉంది. రాండమ్ వైండింగు ఉన్న, 1 కిలోవోల్టు లోపు మోటార్లకు ఐట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ) 43 ప్రమాణం 40 డిగ్రీల వద్ద కనీసం 5 మెగా ఓంలు ఉండాలంటుంది. ఇక్కడితో ఆగి "వైండింగు పోయింది, రీవైండింగుకు పంపండి" అని రాసేయవచ్చు. చాలా మోటార్లు అలాగే అనవసరంగా రీవైండింగుకు వెళ్లిపోతాయి.

టెర్మినల్ బ్లాకు నుంచి వైండింగు తీగల లగ్గులను కూడా విప్పి, తీగలను గాలిలో ఉంచి కొలిచాము. వైండింగు 180 మెగా ఓంలు ఇచ్చింది. మిగిలింది బ్లాకు ఒక్కటే. దాన్ని టార్చి వెలుగులో పక్కనుంచి చూస్తే ఉపరితలం మీద సన్నని తేమ పొర మెరుస్తోంది, మధ్య ఫేజు స్టడ్డు నుంచి బాక్సు గోడ వైపు వెంట్రుక మందాన ఒక నల్లని గీత పాకి ఉంది. వేలితో తుడిస్తే తేమ పోయింది, గీత పోలేదు. అది కార్బన్ జాడ: తడిసిన ఉపరితలం మీద చిన్న చిన్న స్పార్కులు ఎగిసి, బ్లాకు పదార్థాన్నే కాల్చి వేసుకున్న దారి.

మధ్యాహ్నం బ్లాకు, వైండింగు మళ్లీ కలిపి, మిగిలిన తేమను తుడవకుండా వదిలేసి కొలిస్తే 40 మెగా ఓంలు వచ్చింది. ఈ ఒక్క పోలిక చాలా విషయం చెప్పింది. ఇన్సులేషన్ పదార్థం తన స్వభావం ప్రకారం నడిస్తే పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా రెసిస్టెన్సు సుమారు సగానికి పడిపోవాలి. ఇక్కడ వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్సు కూడా పెరిగింది. దిశ తిరగబడిందంటే కారణం పదార్థంలో లేదు, పైన పట్టిన తేమలో ఉంది.

మరి 0.8 మెగా ఓంలతోనే డ్రైవు ట్రిప్ అవుతుందా? కాదు. 587 వోల్టులను 0.8 మెగా ఓంలతో భాగిస్తే 0.7 మిల్లీ ఆంపియర్లు. డ్రైవు తన మూడు ఫేజుల కరెంట్ల మొత్తాన్ని చూసి, అది ఆంపియర్లలోకి వస్తేనే గ్రౌండ్ ఫాల్టు అంటుంది; మిల్లీ ఆంపియర్లను అది పట్టించుకోదు. మెగ్గర్ రీడింగు మనకు చిరునామా ఇచ్చింది, నేరం చేసింది మాత్రం స్పార్కు. డ్రైవు అవుట్‌పుట్ పల్సులు కేబులు చివరన ప్రతిఫలించి మోటారు టెర్మినళ్ల దగ్గర ఇంకా పైకి లేస్తాయి. మెగ్గర్ ఇచ్చిన 500 వోల్టులకు ఓర్చుకున్న తడి ఉపరితలం ఆ శిఖరాలకు ఓర్చుకోలేక భగ్గుమంటుంది. పైగా, 1 హెర్ట్జ్ లోపు ట్రిప్ అయితే వోల్టేజీ ఇంకా రాలేదు కదా అని చాలామంది అనుకుంటారు. తక్కువ ఫ్రీక్వెన్సీలో పల్సుల వెడల్పే సన్నబడుతుంది. ఎత్తు మొదటి పల్సు నుంచే పూర్తి బస్ వోల్టేజీ. ఆపరేటర్లు అన్న "రెండు మూడుసార్లు రీసెట్ కొడితే లొంగడం" కూడా ఇందులోనే ఇమిడి ఉంది: ప్రతి స్పార్కూ కాస్త తేమను ఆరబెట్టి, కాస్త కార్బన్‌ను మిగిల్చి పోతోంది.

గురువారం

టెర్మినల్ బ్లాకును కొత్తదానితో మార్చాము. మార్చి ఊరుకుంటే కొన్ని నెలలకు మళ్లీ ఇదే గీత పాకుతుంది కాబట్టి తేమ ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

కేబులు బాక్సులోకి పైనుంచి దిగుతోంది. గ్లాండు (కేబులు బాక్సులోకి దూరే చోట బిగించే సీలు) రబ్బరు ఎండి పగిలి ఉంది. గ్లాండు ముందు కేబులుకు కిందికి వంపు లేదు. కేబులు వెంట జారే నీటి చుక్కకు అంతకంటే తిన్నని దారి ఉండదు. అయితే మొదటి బ్లోయరు మోటారు గ్లాండు కూడా దాదాపు ఇదే స్థితిలో ఉంది, దాని బాక్సు మాత్రం పొడిగా ఉంది. తేడా స్పేస్ హీటరు దగ్గర దొరికింది. ఆగి ఉన్న మోటారు చల్లబడి లోపల తేమ పట్టకుండా, వైండింగు దగ్గర ఒక చిన్న హీటరును అది ఆగినంతసేపూ వెచ్చగా ఉంచుతారు. రెండవ బ్లోయరు ప్యానెల్లో దాని సప్లయిని మెయిన్ ఐసోలేటరు తర్వాత కలిపారు. రాత్రి బ్లోయరు ఆపాక ఆపరేటర్లు జాగ్రత్తగా ఐసోలేటరు కూడా దించుతారు; దానితో హీటరు పనిచేయవలసిన సమయంలోనే ఆరిపోతోంది. మోటారు నడుస్తూ తనంతట తానే వేడిగా ఉన్నప్పుడు మాత్రం హీటరుకు సప్లయి సిద్ధంగా ఉంటోంది. వైరింగు చేసినవారి లెక్క ఏమిటో డ్రాయింగులో రాయలేదు.

హీటరుకు విడిగా సప్లయి తీసుకున్నాము: దాని సొంత ఎంసీబీ, మోటారు నడిచేటప్పుడు తెగి, ఆగగానే కలిసేలా డ్రైవు రన్ రిలే నుంచి ఒక కాంటాక్టు. ఇక్కడ ఒక ప్రమాదం కూడా మనమే తెచ్చి పెడుతున్నాము: ఇప్పుడు మెయిన్ ఐసోలేటరు దించి తాళం వేసినా టెర్మినల్ బాక్సులో హీటరు టెర్మినళ్లు సజీవంగానే ఉంటాయి. అందుకే బాక్సు మూత మీద "హీటరు సప్లయి వేరు, రెండు చోట్ల ఐసోలేట్ చేయాలి" అని పలక బిగించి, తాళాల జాబితాలో ఆ ఎంసీబీని కూడా చేర్చాము. పలక లేకుండా ఈ మార్పు చేయడం కంటే అసలు చేయకపోవడమే నయం.

గ్లాండు మార్చి, కేబులును పక్కనుంచి తిప్పి కింది వైపునుంచి బాక్సులోకి తెచ్చాము.

శుక్రవారం

ఓవర్‌కరెంట్ సంగతి. ముందు యాక్సిలరేషన్ సమయం కథ తేల్చాలి, ఎందుకంటే అది పెంచడమే మందు అనే నమ్మకం ఇంకా గట్టిగా ఉంది.

ఫ్యాను, రోటరు కలిపి జడత్వ భ్రామకం సుమారు 18 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్డ్ అని డేటా షీటులో ఉంది. 1,480 ఆర్‌పీఎం అంటే సెకనుకు 155 రేడియన్లు. 20 సెకన్లలో అంత వేగానికి తేవాలంటే కావలసిన టార్కు 18ని 155తో గుణించి 20తో భాగిస్తే వచ్చే 140 న్యూటన్ మీటర్లు. మోటారు రేటెడ్ టార్కు 484. అంటే పాత సెట్టింగులో కూడా జడత్వానికి పోయేది 29 శాతమే. 60 సెకన్లకు పెంచితే అది 10 శాతానికి తగ్గుతుంది. గాలి వైపు లోడు వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 5 హెర్ట్జ్ దగ్గర, అంటే పదో వంతు వేగంలో, అది పూర్తి లోడులో నూరో వంతు. బేరింగుల ఘర్షణ కలిపినా ఆ వేగంలో బ్లోయరు మోటారును అడిగేది దాదాపు ఏమీ లేదు. అలాంటి చోట 265 ఆంపియర్లు ఎందుకు? లోడుకూ జడత్వానికీ ఈ కరెంటును అంటగట్టే మార్గం లేదు.

లెక్క ఇంత దూరం వచ్చాక మిగిలేది ఒక్కటే: స్టార్ట్ ఇచ్చేటప్పటికి రోటరు నిశ్చలంగా లేదు. మొదటి బ్లోయరును నడపమని చెప్పి, రెండవదాని కప్లింగు గార్డు జల్లెడ గుండా షాఫ్టును చూశాము. షాఫ్టు తిరుగుతోంది, అదీ వ్యతిరేక దిశలో. షాఫ్టు మీద ముందే అతికించిన ప్రతిఫలన టేపు మీదికి ట్యాకోమీటరు పట్టి చూస్తే 260 ఆర్‌పీఎం. నాన్‌రిటర్న్ డ్యాంపరు పూర్తిగా మూసుకోక, హెడ్డరులోని గాలి వెనక్కి వచ్చి ఆగి ఉన్న ఫ్యానును గాలిమరలా తిప్పుతోంది. గదిలో మొదటి బ్లోయరు రొద ఉన్నప్పుడు ఈ తిరుగుడు చెవికి వినపడదు. గార్డు ఉండటంతో కంటికీ పడదు.

ఇప్పుడు ఫాల్టు రికార్డు అర్థమయింది. డ్రైవు 4 హెర్ట్జ్ ముందు దిశలో ఇస్తుంటే అయస్కాంత క్షేత్రం 120 ఆర్‌పీఎంతో ముందుకు తిరుగుతుంది; రోటరు 260తో వెనక్కి. రెండిటి మధ్య తేడా 380 ఆర్‌పీఎం. ఈ మోటారు పూర్తి లోడులో ఉండే స్లిప్పు (క్షేత్రానికీ రోటరుకూ మధ్య వేగం తేడా) 20 మాత్రమే. అంతకు పందొమ్మిది రెట్ల తేడాను ఎదుర్కొన్న మోటారు కరెంటును గుంజుకోకుండా ఎలా ఉంటుంది! డీసీ బస్ మామూలుగా 570 దగ్గర ఉండటం కూడా దీనికి సరిపోతుంది: క్షేత్రానికి ఎదురు తిరుగుతున్న రోటరు తన శక్తిని డ్రైవుకు వెనక్కి పంపదు, ఆ శక్తీ డ్రైవు ఇచ్చే శక్తీ కలిసి రోటరులోనే వేడిగా పోతాయి. యాక్సిలరేషన్ 60 సెకన్లకు పెంచడం ఈ స్థితిలో ఉపకారం చేయకపోగా, మోటారు ఎదురు తిరుగుడుతో పోరాడే సమయాన్ని పొడిగించింది.

మరి ఆ ఒంటరి ఓవర్‌వోల్టేజ్ ట్రిప్పు? లాగ్ పుస్తకం ప్రకారం ఆ రోజు సప్లయి ఒక్క క్షణం పడిపోయి వచ్చింది. ఆపరేటరు వెంటనే స్టార్ట్ ఇచ్చాడు. అప్పుడు ఫ్యాను ముందు దిశలోనే, దాదాపు పూర్తి వేగంతో దొర్లుతూ ఉంది. డ్రైవు సున్నా నుంచి మొదలుపెట్టగానే రోటరు క్షేత్రాన్ని మించి తిరుగుతోంది కాబట్టి మోటారు జనరేటరు అయింది. 18 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్డ్, 155 రేడియన్ల దగ్గర ఫ్యానులో దాగిన శక్తి 216 కిలోజౌల్స్. డ్రైవు కెపాసిటర్ బ్యాంకు సుమారు 5,000 మైక్రోఫారడ్లు. 587 నుంచి 800 వోల్టులకు ఎగసేలోపు అది తాగగలిగేది ముప్పావు కిలోజౌల్ కూడా కాదు. బ్రేక్ రెసిస్టరు (వెనక్కి వచ్చే శక్తిని వేడిగా ఖర్చు చేసేది) లేని డ్రైవు అక్కడ ట్రిప్ కాకుండా మరేమీ చేయలేదు. ఇండక్షన్ మోటారు కాబట్టి ఇంతే. ఇదే పర్మనెంట్ మాగ్నెట్ మోటారు అయితే డ్రైవు ఆపి ఉన్నప్పుడు కూడా తిరుగుతున్న ఫ్యాను కేబుళ్ల మీద వోల్టేజీ పుట్టిస్తుంది, అప్పుడు ఐసోలేషన్ పద్ధతే వేరు.

శనివారం

డ్యాంపరు విప్పాలంటే రెండు బ్లోయర్లనూ ఆపి, రెండిటికీ తాళాలు వేయాలి. ఒకటి నడుస్తుండగా మరొకదాని వాహికలో చేయి పెట్టకూడదు. షాఫ్టును కూడా బెల్టుతో కట్టాము. డ్యాంపరు రెక్క ఇరుసు ఒకవైపు బుష్‌లో తుప్పు పట్టి బిగుసుకుంది, సీలు అంచు ఒక మూల లేచిపోయింది. బుష్ మార్చి, సీలు కొత్తది వేశాము. మెకానికల్ బృందం ఈ పనిని చాలా శుభ్రంగా చేసింది. తర్వాత మొదటి బ్లోయరు పూర్తి వేగంలో ఉన్నప్పుడు రెండవదాని షాఫ్టు ఉండుండి కొద్దిగా కదిలింది తప్ప తిరగలేదు.

డ్యాంపరు బాగయ్యాక డ్రైవులో మార్పు అవసరమా అన్న చర్చ వచ్చింది. అవసరమే అన్నాను. సీలు మళ్లీ ఎప్పుడో లేస్తుంది. సప్లయి మళ్లీ పడిపోతుంది. దొర్లుతున్న ఫ్యానును పట్టుకునే ఫ్లయింగ్ స్టార్ట్ సౌకర్యం ఈ డ్రైవులో ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు. దీన్ని ఆన్ చేస్తే డ్రైవు ముందు తక్కువ ఉత్తేజంతో ఫ్రీక్వెన్సీని పైనుంచి కిందికి జరుపుతూ, కరెంటు కనిష్ఠమయ్యే చోట రోటరు వేగాన్ని గుర్తించి, అక్కడినుంచి పట్టుకుంటుంది. రెండు దిశల్లోనూ వెతికే ఎంపికను పెట్టాము. దానివల్ల స్టార్టుకు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, ఈ బ్లోయరుకు అది లెక్కలోకి రాదు. ఈ వెతుకులాట మోటారు పారామీటర్ల మీద ఆధారపడుతుంది కాబట్టి, చల్లని మోటారు మీద, షాఫ్టు తిరగని రకం ఆటోట్యూన్ (డ్రైవే మోటారును కొలుచుకోవడం) ముందు చేశాము.

స్టార్టుకు ముందు డీసీ ఇంజెక్షన్‌తో (మోటారుకు డీసీ కరెంటు పంపి బ్రేకు వేసి) ఫ్యానును ఆపి మొదలుపెట్టడం మరొక మార్గం. వెనక్కి 260 ఆర్‌పీఎంతో తిరిగే ఫ్యానులో శక్తి 7 కిలోజౌల్స్ లోపే కనుక దానికి అభ్యంతరం లేదు; కానీ పూర్తి వేగంతో ముందుకు దొర్లే ఫ్యాను మీద అదే ప్రయోగిస్తే 216 కిలోజౌల్స్‌నూ రోటరు మింగాలి. ఏ స్థితిలో ఉందో తెలియని ఫ్యానుకు ఫ్లయింగ్ స్టార్టే తగినది. ఆపే పద్ధతిని ర్యాంపు (డ్రైవే వేగాన్ని దించుతూ ఆపడం) నుంచి కోస్టుకు (ఫ్యాను దానంతట అదే దొర్లి ఆగడానికి) మార్చాము, యాక్సిలరేషన్‌ను 30 సెకన్ల దగ్గర ఉంచాము. బస్ వోల్టేజీ పరిమితి నియంత్రణ ఆన్‌లోనే ఉంది.

తర్వాతి వారం

కార్బన్ గీత చూసినప్పటి నుంచి మోటారు టెర్మినళ్ల దగ్గర నిజంగా ఎంత వోల్టేజీ వస్తోందో చూడాలన్న ఆలోచన ఉంది. మామూలు మల్టీమీటరు పల్సుల మీద చూపే అంకెకు అర్థం ఉండదు. హై వోల్టేజ్ డిఫరెన్షియల్ ప్రోబు ఉన్న ఆసిలోస్కోపు తెచ్చాము. ఫేజుల మధ్య శిఖరం 1,090 వోల్టులు, ఫేజు నుంచి ఎర్తుకు 760. ఆశ్చర్యం లేదు. ఐజీబీటీ పల్సు 0.1 మైక్రోసెకనులో పైకి లేస్తే, కేబులులో తరంగం మైక్రోసెకనుకు సుమారు 150 మీటర్లు పోతుంది కనుక, ఏడెనిమిది మీటర్లు దాటిన కేబులులో ప్రతిఫలనం పూర్తిగా చేరి వోల్టేజీ రెట్టింపుకు దగ్గరవుతుంది. మనది 60 మీటర్లు. నీమా (అమెరికా విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం) ఎంజీ 1 ప్రమాణంలోని 31వ భాగం ప్రకారం చేసిన ఇన్వర్టరు డ్యూటీ (డ్రైవు మీద నడవడానికే చేసిన) మోటార్లు తమ రేటెడ్ వోల్టేజీకి 3.1 రెట్ల శిఖరాన్ని, అంటే 415 వోల్టులకు దాదాపు 1,290 వోల్టులను ఓర్చుకోవాలి. ఈ మోటారు డ్రైవులు రాకముందు కొన్నది, దాని నేమ్‌ప్లేటు మీద అలాంటి హామీ ఏదీ లేదు.

క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవు పల్సులు ఇచ్చే వేగం) 8 కిలోహెర్ట్జ్‌లో ఉంటే 4కు దించాము. దీనితో శిఖరం ఎత్తు తగ్గదు. సెకనుకు వైండింగు మీద పడే దెబ్బల సంఖ్య, కేబులు నుంచి ఎర్తుకు కారే కరెంటు, ఐజీబీటీలు ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు పుట్టే వేడి సగానికి దగ్గరగా తగ్గుతాయి. మోటారు కొంచెం ఎక్కువ కూత పెడుతోంది. బ్లోయరు గదిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. శిఖరాన్ని తగ్గించడానికి డ్రైవు అవుట్‌పుట్‌లో డీవీ బై డీటీ (పల్సు పైకి లేచే వేగాన్ని తగ్గించే) ఫిల్టరు పెట్టాలని సూచించాను, ఆర్డరు వెళ్లింది. ఈ పల్సుల వల్ల షాఫ్టు గుండా బేరింగుల్లోకి కరెంటు పారి వాటిని పాడుచేయగలదు. బేరింగుల మీద గీతలు పడిన శబ్దం గానీ, గ్రీజు నల్లబడటం గానీ ఇంకా లేదు. అయినా తదుపరి ఓవర్‌హాల్‌లో నాన్ డ్రైవ్ వైపు ఇన్సులేటెడ్ బేరింగు వేయాలని మోటారు కార్డులో రాయించాను.

పరీక్షలు ఫాల్టులు పడిన పరిస్థితుల్లోనే చేశాము. రాత్రంతా రెండు బ్లోయర్లూ ఆపి, పొద్దున మెగ్గర్ వేస్తే కేబులు, మోటారు కలిపి 150 మెగా ఓంలు వచ్చింది. స్టార్ట్ ఒక్కసారికే అందుకుంది. మొదటి బ్లోయరు నడుస్తుండగా డ్యాంపరు రెక్కను వాహిక బయటినుంచే కొద్దిగా తెరిచి పట్టించి, ఫ్యాను వెనక్కి తిరుగుతుండగా స్టార్ట్ ఇచ్చాము: డ్రైవు వెనుక దిశలో రోటరును పట్టుకుని, సున్నాకు తెచ్చి, ముందుకు తిప్పింది, అత్యధిక కరెంటు 88 ఆంపియర్లు. పూర్తి వేగంలో ఉండగా సప్లయి తీసి, ఫ్యాను దొర్లుతుండగానే తిరిగి ఇచ్చి స్టార్ట్ చేస్తే డీసీ బస్ 640 దాటలేదు.

మిగిలిన పనులు: ఫిల్టరు వచ్చాక స్కోపుతో మళ్లీ కొలవడం, మొదటి బ్లోయరు గ్లాండు, డ్యాంపరు సీలు ఇదే పద్ధతిలో చూడటం, స్టోరులో చాలాకాలంగా పడి ఉన్న స్పేర్ డ్రైవు కెపాసిటర్లను, దాన్ని ఎప్పుడైనా అవసరపడి నేరుగా సప్లయికి కలిపేలోపు, తక్కువ వోల్టేజీ నుంచి మెల్లగా పెంచుతూ రీఫార్మ్ చేయడం (తిరిగి వాడకానికి సిద్ధం చేయడం).